తాళం చేతిలోనే ఉంది

చాయ్ మూడోసారి కూడా చల్లారిపోయింది.

సదానందం కప్పు వైపు చూడనైనా చూడలేదు. పొద్దున్నే పరకాల బస్సు దిగి, ఎనిమిదింటికల్లా వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్న మనిషి, పదిన్నర కావస్తున్నా కదల్లేదు. ఒళ్ళో ఒక గుడ్డ సంచి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. చర్చిలో ఆదివారం పూజ అయి ఇళ్ళకు పోతున్న ఫాతిమానగర్ వాళ్ళు గేటు ముందు నడక తగ్గించి, లోపలికి ఒక చూపు విసిరి మరీ పోతున్నారు. సుందర్ రావు ఇంటి ముందు ఒకరు ఇలా బైఠాయించడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు మరి.

"కాకా, చెప్పిన గదా. మీ హరికృష్ణ దవాఖాన ఖర్చు సంగతి మొత్తం నేనే చూసుకుంట," అన్నాడు విన్సెంట్. గడప మీద నిలబడి ఉన్నాడు. లోపలికి పోలేడు, బయటికి రాలేడు.

"దవాఖాన సంగతి నిన్నెవడడిగిండు?"

"మరింకేం గావాలె?"

"పొద్దటి సంది ఒక్కటే అడుగుతాన. నా కొడుకు బండికి ఎక్కించిన ఫైలు ఇంకెన్ని బండ్లకు ఎక్కించినవ్? గా బండ్లు ఎవరెవరియి? చెప్పు, లేచి పోత."

"ఇంకెవ్వలకు ఎక్కియ్యలే కాకా."

విన్సెంట్‌కు అబద్ధాలు కొత్త. ఇంకా చేయి తిరగలేదు. చెప్పేటప్పుడు ఎడమ చేత్తో మెడ రుద్దుకుంటాడు. వరండా మూలన బల్ల మీద కూర్చున్న తండ్రి సుందర్ రావు ఆ చేతినే చూశాడు.

నలభై ఏళ్ళు డీజిల్ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఆయన. చేతులు వణకడం మొదలయ్యాక మడికొండ రోడ్డు మీది షెడ్డును కొడుక్కి అప్పజెప్పాడు. కొడుకు స్పానర్లు పక్కకు నెట్టి ల్యాప్‌టాప్ తెచ్చాడు. స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌లో కంపెనీ పెట్టిన హద్దులు మార్చేసి, గంటలో బండికి లేని దూకుడు తెప్పిస్తాడు. బోర్డు మీద 'టర్బో రీమ్యాప్' అని ఉంటుంది. వచ్చే కుర్రాళ్ళు మాత్రం 'ఫైలు ఎక్కించుడు' అంటారు.

"గా బలం ఎక్కడికెళ్ళి వస్తాందిరా?" అని మొదట్లో తండ్రి అడిగితే, "ఇంజన్ల ఉన్నదే బాపూ, కంపెనోళ్ళు దాసిపెట్టిన్రు," అని నవ్వేవాడు. కంపెనీ వాళ్ళు ఊరికే ఎందుకు దాస్తారని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ ఆదివారం ఈ మనిషి ఇక్కడ కూర్చునేవాడు కాదు.

"గురువారం ఏమైందో నీకు పూర్తిగ ఎవలన్న చెప్పిన్రా?" సదానందం ఈసారి సుందర్ రావు వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పు అన్నా."

"నేను పక్క సీట్లనే ఉన్న. పరకాల ఇంక నాలుగు కిలోమీటర్లు ఉంటది. ఎన్కకెళ్ళి తెల్లటి పొగ లేసింది. ఎన్కొచ్చే లారీ కనపడుతలేదు, అంత పొగ. 'ఆపురా కొడుకా' అన్న. పక్కకు తీసి ఆపిండు. తాళం తిప్పిండు. ఇంజన్ ఆగలె."

ఆయన ఖాళీ పిడికిలి ముందుకు చాపాడు.

"తాళం గుంజి చేతిల పట్టుకున్నడు. నాకు చూపిచ్చిండు. 'బాపూ, తాళం నా చేతిలనే ఉంది, ఇదేందే' అన్నడు. ఇంజన్ ఇంకింత గట్టిగ మొత్తుకుంటాంది. తాళం తీసినంక ఉరికే ఇంజన్ను నేను పుట్టిన కాడికెళ్ళి చూడలె."

సుందర్ రావు కళ్ళు మూసుకున్నాడు.

"ఆయిల్ తాగుతాంది," అన్నాడు మెల్లగా.

"ఏందీ?"

"టర్బో సీలు పోయింది అన్నా. ఇంజనాయిల్ పోయి గాలి పైపుల పడ్డది. నువ్వు తాళం తీస్తే డీజిల్ బంద్ అయితది, అంతే. గా ఆయిలే తాగుకుంట అది నడుస్తది. ఆయిల్ ఒడిసేదాంక నడుస్తది, లేకుంటె పగిలేదాంక."

"పగిలింది." సదానందం మాట అక్కడ తెగింది. ఎదురింటి కుక్కర్ కూత వినిపించింది. "వాడు బానెట్ ఎత్తిండు. గాలి ఆపితె ఆగుతదని ఎవడో ఫోన్ల వీడియో పెట్టిండట. నా మెడల కండువ గుంజుకొని పైపుకు అడ్డం పెట్టబోయిండు. అప్పుడే పగిలింది. మసిలే నూనె... రెండు చేతులు, మొఖం ఒక దిక్కు. వేళ్ళు ఉంటయో తీసేస్తరో మంగళారం చెప్తనన్నది డాక్టరమ్మ."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ దివ్య చేతిలోని పళ్ళెం పక్కన పెట్టేసింది. విన్సెంట్ భార్య. స్కూల్లో లెక్కల టీచరు. పొద్దున్నుంచి పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, ఈ మాటలు వింటూ, ఎర్ర పెన్ను చెవి మీద పెట్టుకుని తిరుగుతోంది. భర్త చేసింది తప్పని ఆమెకు గురువారం నాడే అర్థమైంది. ఎంత తప్పో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

సదానందం సంచిలోంచి ఒక ఇనుప ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఇనుప గూటిలో గుప్పెడంత చక్రం, మధ్యలో సన్నటి ఇరుసు. రెక్కలు సగం విరిగిపోయి ఉన్నాయి.

"ఇంజన్లకు గాలి నూకే టర్బో చక్రమట ఇది. ఇప్పిన మెకానిక్ ఇచ్చిండు. ఫైలు ఎక్కించినోనికి చూపియ్యి అన్నడు."

సుందర్ రావు దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. వణికే వేళ్ళతోనే ఇరుసు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. లొటలొట ఊగింది. కొసన వేలితో తడిమాడు. ఒక పక్కే అరిగి నున్నగా ఉంది.

"ఇది గురువారం పోయింది గాదు. నెలల సంది అరుగుతనే ఉన్నది." తల ఎత్తాడు. "విన్సెంటూ, వేలు పెట్టి చూసినవా?"

విన్సెంట్ చూపు చక్రం మీది నుంచి గేటు మీదికి పోయింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. టర్బో బండి ఏది వచ్చినా, ఎవరిదైనా, ముందు గాలి పైపు విప్పి ఆ చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టి ఊపి చూడాలి. ఊగితే ఆ బండికి ఇంకే పనీ చేయకూడదు. యజమాని ఎంత బతిమాలినా, ఎంత పెద్దవాడైనా సరే, ముందు టర్బో మార్చుకుని రమ్మని పంపాల్సిందే. అయిదు నిమిషాల పని. సుందర్ రావు పక్షవాతం వచ్చిన వారం తప్ప ఏనాడూ ఆ అయిదు నిమిషాలు మానలేదు.

"నిన్నే అడుగుతాన."

"ఇప్పుడు గట్ల ఎవ్వలు చూస్తలేరు బాపూ. ల్యాప్‌టాప్ల అంతా కనపడ్తది."

"ల్యాప్‌టాప్ల ఇది ఊగుడు కనపడ్తదా?"

విన్సెంట్ తల అడ్డంగా ఊపాడు.

"గా ఫైలు ఎక్కడిది? నువ్వే రాసినవా?"

"హైదరాబాద్ల దోస్తు ఇచ్చిండు. మంచి ఫైలే. వాడు ఎన్ని బండ్లకు..."

"ఏ బండి చూసి రాసిండు వాడు?"

"కొత్త బండి."

"కొత్త బండికి రాసింది తెచ్చి ఎనిమిదేండ్ల బండికి ఎక్కిచ్చినవా? ఒగని చీటీ మీద ఇంకొగనికి గోలీలు ఇత్తరారా ఎక్కడన్న?" ముసలాయన గొంతు లేచింది. "సరే, వేడెక్కితే ఇంజన్ దానంతట అదే బలం తగ్గించుకుంటది గదా. గదన్న ఉంచినవా?"

విన్సెంట్ నేల చూపులు చూశాడు.

"చెప్పవేందిరా?"

"హైవే మీద గుంజుతలేదని అందరు గులుగుడే బాపూ. పైసలిచ్చి చేయించుకున్నంక సగం దూరం పోయినాక డల్ అయితాందని గొడవ. అందుకే... తీసేసిన."

"అందరు?" అన్నాడు సదానందం.

ఆ ఒక్క మాట వరండాలో అలాగే ఉండిపోయింది. విన్సెంట్ చేయి మళ్ళీ మెడ మీదికి పోయింది.

"మీరొకసారి లోపలికి రండి," అంది దివ్య.

వంటింట్లో ఆమె గొంతు తగ్గించింది. దివ్య కోపం తక్కువగా ఉంటే 'మీరు' అంటుంది, ఎక్కువైతే 'నువ్వు' అంటుంది. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో విన్సెంట్ నేర్చుకున్న లెక్క అదొక్కటే.

"ఆయన కొడుకు చేతులు పోయేటట్టున్నయి. మీకు అర్థమైతాందా?"

"అర్థమైతాంది."

"ఇంకా ఎంతమంది ఉన్నరు?"

"దివ్యా, నువ్వు జర ఊకో. ఆయన ముంగట పేర్లు చెప్తే రేపు అందరొచ్చి గేటు ముంగట కూసుంటరు. పోలీసు కేసు అయితది. షెడ్డు మూసుకోవాలె. నేను ఒక్కొక్కల్ని మెల్లగ పిలిచి, సర్వీసు పేరు చెప్పి, పాత ఫైలు మళ్ళ ఎక్కిస్త. ఎవ్వలకు తెల్వది."

"మెల్లగ పిలిచేలోపల ఇంకొకటి పగిలితే?"

"ఒక్కటి పగిలితే అన్నీ పగులుతయా?"

ఆమె అతన్ని పరీక్షగా చూసింది. "అనిల్ బండి ముట్టలేదు గదా?"

అనిల్ ఆమె తమ్ముడు. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. పాత డీజిల్ కారు కొనుక్కున్న రోజునే దివ్య భర్తతో ఖచ్చితంగా చెప్పేసింది, నా తమ్ముడి బండి జోలికి పోవద్దని. మొన్న శుక్రవారం మళ్ళీ అడిగింది. గోడ మీది మరియ తల్లి పటం మీద చేయి వేసి ముట్టలేదన్నాడు విన్సెంట్.

అది పచ్చి అబద్ధం. రెండు నెలల కింద ఒక శనివారం పొద్దున్నే అనిల్ షెడ్డుకు వచ్చి, "అక్కకు చెప్పకు బావా, మా ఆఫీసోళ్ళ ముంగట ఇజ్జత్ పోతాంది, లారీని కూడ దాటలేకపోతాన," అని బతిమాలాడు. బావ అన్న పిలుపుకు కరిగిపోయి ఎక్కించేశాడు. వేలు పెట్టి చూడలేదు. బావమరిదిని అయిదు నిమిషాలు నిలబెట్టడం ఎందుకనుకున్నాడు.

"ముట్టలేదు," అన్నాడు ఇప్పుడు. "ఎన్నిసార్లు అడుగుతవ్?"

"అయితే మంచిదే. అత్తమ్మను వాని బండిలనే రమ్మన్న."

విన్సెంట్‌కు ఒక క్షణం ఏమీ వినిపించలేదు.

"అమ్మ హైదరాబాద్‌కెళ్ళి రైలుకు గదా వచ్చేది?"

"మోకాళ్ళు లేస్తలేవట. స్టేషన్ల మెట్లు ఎక్కలేనన్నది. అనిల్ ఎట్లాగూ ఉప్పల్ల దోస్తు ఇంటికి పోయిండు. నిన్న బాప్టిజం అయిన ఇంటికి పోయి ఆమెను ఎక్కించుకున్నడు. తొమ్మిదింటికి బయల్దేరిన్రు, పన్నెండు వరకు వస్తరు." ఆమె ఆగింది. "ఏమైంది?"

ఒక్క మాట చాలు. అప్పుడే చెప్పేస్తే కథ ఇంకోలా ఉండేదేమో, పావుగంట మిగిలేది. ఆ పావుగంట ఎంత ఖరీదో అతనికి తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. ఆమె ముఖంలో ఇంకా ఆ 'మీరు' మిగిలే ఉంది. దాన్ని పోగొట్టుకోవడానికి భయపడ్డాడు. ఇలాంటి పిరికితనాన్ని ఏమనాలో నాకైతే తెలియదు.

"ఏం లేదు. కస్టమర్‌కు ఫోన్ చెయ్యాలె," అని పెరట్లోకి పోయాడు.

అనిల్ ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. నాలుగోసారికి గుర్తొచ్చింది.

విన్సెంట్ తల్లి మరియమ్మ బండెక్కితే ఒక షరతు ఉంటుంది. నడిపేవాడి ఫోను తీసుకుని తన సంచిలో వేసుకుంటుంది. డ్రైవరు ఫోను మాట్లాడుతూ లారీని గుద్దేసిన జీపులో ఆమె తమ్ముడు పోయాడు, పదిహేనేళ్ళయింది. బండి కదులుతున్నంతసేపు ఆ సంచి జిప్పు తీయదు, ఎవరు చేసినా ఎత్తదు, ఎత్తనివ్వదు. తనకంటూ ఫోను కూడా లేదు. ప్రాణాలు కాపాడటానికి ఆమె పెట్టుకున్న నియమం అది. ఈ పూట ఆ నియమమే దారికి అడ్డం పడింది.

ఆరుసార్లు చేశాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. బైకు తాళాలు తీసుకుని ముందుకు వచ్చాడు.

"షెడ్డు దాంక పోయొస్త."

సదానందం లేచి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అయినా గేటు అంతా ఆయనే ఉన్నట్టున్నాడు.

"పేర్లు చెప్పి పో."

"పక్కకు జరుగు కాకా. అర్జెంటు పని ఉన్నది."

"నా కొడుక్కు గూడ అర్జెంటే ఉండె."

"ఎన్నిసార్లు చెప్పాలె? పేర్లు లెవ్వు! లిస్టు లేదు! గురువారమే అన్నీ తీసేసిన ల్యాప్‌టాప్లకెళ్ళి!"

"ఎవ్వలకు ఎక్కియ్యలే అన్నవ్ గదా," అన్నాడు సదానందం. "ఎక్కియ్యనియి ఎట్ల తీసేసినవ్ కొడుకా?"

ఆ 'కొడుకా'లో కోపం లేదు. అదే విన్సెంట్‌ను చంపేసింది. బైకు తాళం పిడికిట్లో బిగించి తల దించుకున్నాడు.

అప్పుడు సుందర్ రావు బల్ల మీంచి లేచాడు.

"లిస్టు ఉన్నది అన్నా."

"బాపూ!"

"నువ్వు ల్యాప్‌టాప్ల తీసేస్తవ్. నాకాడ ఎట్ల తీసేస్తవ్?"

జేబులోంచి జపమాల తీశాడు. ఆ ఇంట్లో రోజూ సాయంత్రం ఏడింటికి జపమాల ప్రార్థన జరుగుతుంది. అందరూ లేచాక కూడా సుందర్ రావు ఒక్కడే మోకాళ్ళ మీద ఉండి, షెడ్డులోంచి బయటికి పోయిన బండ్ల నంబర్లు ఒక్కొక్కటే చెప్పి, వాటిలో ఎక్కేవాళ్ళను కాపాడమని తల్లిని అడుగుతాడు. తన చేతుల్తో బిగించిన రోజుల నుంచీ ఉన్న అలవాటు. కొడుకు పని మొదలుపెట్టాకా మానలేదు. పొద్దున్నే షెడ్డు బయట కుర్చీలో కూర్చుని, ఫైలు ఎక్కించుకుని పోయే ప్రతి బండి నంబరు ప్లేటూ చూసుకునేవాడు. నంబర్ల దాకా వచ్చేసరికి దివ్య ఎప్పుడూ అన్నం వార్చుకోవడానికి లేచిపోయేది. విన్సెంట్ సరేసరి, టీవీ ముందుకు పోయేవాడు. ఆ నంబర్లు విన్నది గోడ మీది పటం ఒక్కటే.

"రాసుకో బిడ్డా," అన్నాడు కోడలితో.

దివ్య ఒక పాత పేపరు వెనక్కి తిప్పి, చెవి మీది ఎర్ర పెన్ను తీసింది. సదానందం గేటు దగ్గర్నుంచి వచ్చి ఆమె భుజం వెనక నిలబడ్డాడు.

"ఇరవై రెండు తొంభై ఆరు. అది నీ కొడుకుది అన్నా. ముప్పై అయిదు సున్న ఎనిమిది. కాజీపేట రైల్వే ఆయనది, తెల్ల బండి. డెబ్బై పద్నాలుగు. హన్మకొండ డాక్టరమ్మ కొడుకుది. అరవై ఆరు ఇరవై. నర్సంపేట పిలగాడు, కొత్తగ పెండ్లయింది, భార్యను తీస్కొని వచ్చిండు."

పూసలు వేళ్ళ మధ్య కదులుతున్నాయి. దివ్య తల ఎత్తకుండా రాస్తోంది. క్లాసులో పిల్లలు చెప్పే జవాబులు రాసినంత వేగంగా రాస్తోంది.

"నలభై ఒకటి పదిహేడు. యాభై మూడు..."

"బాపూ, చాలు!" విన్సెంట్ ముందుకు వచ్చాడు.

దివ్య పెన్ను అప్పటికే ఆ నంబరు దాటి పోయింది. రెండంకెలు ముందుకు పోయి ఆగింది. వెనక్కి వచ్చింది. తను రాసిన అంకెలనే ఎవరో రాసినట్టు చూసింది.

"మామయ్యా, ఈ నంబరు మళ్ళొకసారి చెప్పండి."

"నలభై ఒకటి పదిహేడు. మన అనిల్‌ది గదా." సుందర్ రావు కోడలి ముఖం చూసి తడబడ్డాడు. "నీకు తెలుసనుకున్న బిడ్డా. నువ్వే పంపినవనుకున్న."

ఆమె లేచి నిలబడింది. విన్సెంట్ ఆమె వైపు చూడలేకపోయాడు.

"వేలు పెట్టి చూసినవా?" అంది.

'నువ్వు' వచ్చేసింది. జీవితంలో మొదటిసారి ఆ మాటలో కోపం లేదు, భయమే ఉంది.

"దివ్యా..."

"నా తమ్ముని బండికి వేలు పెట్టి చూసినవా లేదా?"

"చూడలే."

"తల్లి పటం మీద చెయ్యి పెట్టినవ్."

"వాడే చెప్పద్దన్నడు. నేను..."

"మీ అమ్మ ఉన్నది గా బండిల! నేను వంటింట్ల చెప్పినప్పుడు నీకు తెలుసు! తెలిసి గూడ 'కస్టమర్‌కు ఫోన్' అని పోయినవ్! మనిషివేనా నువ్వు?"

విన్సెంట్ ఏడుస్తున్నాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి, గేటు పక్కన ముగ్గురి ముందు నిలబడి ఏడుస్తున్నాడు. ఎవరికీ అతన్ని ఓదార్చాలనిపించలేదు.

"ఫోన్ ఎత్తుతలేరు," అన్నాడు. "ఆరుసార్లు చేసిన. అమ్మ సంచిల ఏసుకుంది."

సుందర్ రావు కోడలి చేయి పట్టుకున్నాడు. "పరేషాన్ గాకు బిడ్డా. బండి ఆపంగనే ఎత్తుతది ఆమె. ఎత్తంగనే నేను చెప్పినట్టు చెప్పు. ఆ బండి మళ్ళ స్టార్ట్ చెయ్యద్దు. అక్కడ్నే ఒదిలి బస్సుకు రమ్మను. ఒకవేళ ఆగకుంటె, అనిల్ లోపట కూసోని, బ్రేకు గట్టిగ తొక్కి, అయిదో గేరు ఏసి, క్లచ్ ఒక్కపాలి ఇడవాలె. ఇంజన్ ఊపిరాడక చచ్చిపోతది. అట్ల చేసే టైము లేకుంటె దూరం ఉరకాలె. బానెట్ మాత్రం ముట్టద్దు."

"బానెట్ ముట్టద్దు," అన్నాడు సదానందం కూడా. ఆయన చేయి అనుకోకుండా ఖాళీ మెడ మీదికి పోయింది. ఈ రోజు కండువా లేదు.

దివ్య తన ఫోనులోంచి చేసింది. మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. గోడ గడియారం పదకొండు దాటింది. ఇప్పటికి జనగామ దాటి ఉంటారు. మళ్ళీ చేయబోతుంటే ఫోనే మోగింది.

అనిల్.

దివ్య స్పీకరు నొక్కింది.

"ఏం బిడ్డా, గిన్ని ఫోన్లు?" మరియమ్మ గొంతు. "బండి నడుస్తాంటె ఎత్తనని నీకు తెల్వదా? ఏమన్న ఆపతా?"

నలుగురూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆమె సంచిలోంచి ఫోను తీసిందంటే బండి ఆగినట్టే.

"అత్తమ్మా, ఎక్కడున్నరు? బండి ఆపిండా?"

"రఘునాథపల్లి కాడ. చాయ్ తాగుదామని పక్కకు తీసిండు. పొగ గూడ వస్తాంది జర, వేడెక్కిందేమోనని."

"సరే అత్తమ్మా, వినండి. మళ్ళ స్టార్ట్ చెయ్యద్దు. బండి అక్కడ్నే..."

"ఏందీ? ఇన్పిస్తలేదు బిడ్డా. మోత ఎక్కువుంది."

అప్పుడు విన్నారు వాళ్ళు. ఆమె మాటల వెనక ఏదో అరుస్తోంది. లారీ హారను అనుకున్నారు మొదట. అది ఆగడం లేదు. సన్నగా మొదలై పైపైకి లేస్తోంది.

సుందర్ రావు జపమాల బల్ల మీద పడింది.

"అత్తమ్మా, బండి ఆఫ్ చేసిండు గదా?" దివ్య అరిచింది. "ఇంజన్ ఆఫ్ చేసిండు గదా?"

"చేసిండు బిడ్డా. తాళం తీసి నాకే ఇచ్చిండు. ఇగో, తాళం నా చేతిలనే ఉంది. అది ఆగుతలేదు. ఇట్లెందుకు చేస్తాందో, విన్సెంట్‌నొకసారి అడుగు."

విన్సెంట్ ఫోను అందుకోబోయాడు. సదానందం ఫోను మీదికి వంగి, ఇల్లంతా దద్దరిల్లేట్టు కేకేశాడు.

"దూరం ఉరుకు అక్కా! బండి కాడికెళ్ళి దూరం ఉరుకు!"

"ఎవలదీ? ఇన్పిస్తలేదయ్యా."

"అనిల్ ఏడీ?" దివ్య గొంతు చీరుకుపోయింది. "అత్తమ్మా, అనిల్ ఏడీ?"

"ఇక్కడ్నే ఉన్నడు బిడ్డా, బానెట్ ఎత్తిండు. నిన్న ఫంక్షన్ల నాకు కప్పిన శాలువ అడుగుతాండు, ఏదో పైపుకు అడ్డం పెడితే ఆగుతదట. ఇయ్యమంటవా?"

నలుగురూ ఒక్క గొంతుతో వద్దని అరిచారు. అటు నుంచి ఇంజన్ మోత తప్ప ఇంకేమీ వినిపించలేదు.